కోలాటంలో లోవలక్ష్మి

నాటకాల్లో ఆడవేషాలు కట్టి పదిహేనేళ్ళు బతికిన లోవరాజుకి, పిలిచేవాళ్ళు లేక రెండేళ్ళుగా పని లేదు. కడియంలో ఆడవాళ్ళ కోలాట బృందం నడిపే మేనత్త అచ్చాయమ్మ అతనికి కబురు పెట్టింది.

"పదహారు మందిలో ఒకావిడ కాలు విరగ్గొట్టుకుందిరా. ఈ ఒక్క ప్రోగ్రాంకీ చీర కట్టుకో. నీకేం కొత్తా?"

ఆ ఒక్కటీ పన్నెండయ్యాయి. బృందంలో అతను లోవలక్ష్మి. అసలు సంగతి మేనత్తకి తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లోనే తయారై వచ్చేవాడు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది గడప తొక్కేవాడు కాదు. "మా లోవలక్ష్మికి సిగ్గెక్కువ" అని అందరూ నవ్వేవారు.

ఆటలో అతని జంట సత్యశ్రీ. మొక్కల నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. మొగుడు వదిలేసి నాలుగేళ్ళు. వ్యాన్లో పక్కన కూర్చుని, కన్నతల్లికి కూడా చెప్పని సంగతులు చెప్పేది. వినేకొద్దీ లోవరాజుకి ఆమె మీద ఇష్టం పెరిగింది, తన మీద తనకే రోత పుట్టింది.

అన్నవరం కొండ మీద ప్రోగ్రాం నాటి మధ్యాహ్నం, మెట్ల పక్క నీడలో ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"తణుకు నించి చంద్రరావుగారని సంబంధం వచ్చిందే. చేసుకోమంటావా?"

"వద్దు."

"ఏంటే అంత గట్టిగా?"

ఇక ఆగలేకపోయాడు. విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, సొంత గొంతుతో తన పేరు చెప్పాడు. ఇష్టమనీ చెప్పాడు.

ఆమె అరవలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకుంది.

"నేను చెప్పుకున్నవన్నీ విన్నది మీరాండి?"

తిట్టినా భరించేవాడేమో గాని, ఆ 'మీరు'కి లోవరాజు తల వాలిపోయింది.

సాయంత్రం ఇద్దరూ జంటగానే ఆడారు. కోలలు తగిలాయి గాని ఆమె చూపు ఒక్కసారీ అతని ముఖం మీదికి రాలేదు. మర్నాడు బృందం మానేసింది.

నెల తర్వాత లోవరాజు చొక్కా, ప్యాంటు వేసుకుని నర్సరీకి వెళ్ళాడు. సత్యశ్రీ మామిడి అంట్ల మధ్య పీట మీద కూర్చుని ఉంది.

"మోసం చేద్దామని కాదండి" అన్నాడు.

"తెలుసండి. మీ మీద నాకు కోపం లేదు." కడుతున్న అంటుకి ముడి బిగించింది. "గురువారం నా పెళ్ళి. పిలుచుకోడానికి స్నేహితురాలంటూ ఒక్కత్తే ఉండేది నాకు."

లోవరాజు ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ఇంకో మొక్క ముందుకు లాక్కుంది.