పదకొండో మనిషి

రామచంద్రం సేటు ఇంట్లో నీళ్ల గోలెం నిండగానే యాకయ్య కావడి భుజం మార్చుకుని వెంకట్రాజం సేటు ఇంటి దారి పట్టాడు. అక్కడ నీళ్ల పని లేదు, బర్రెల పని. కుడితి కలిపి, పేడ ఎత్తి, దొడ్డి ఊడ్చేసరికి తూర్పున వెలుగు వచ్చింది. అతను పాలేరు కాదు. జనగామ రైస్ మిల్లు టీంకు గోల్‌కీపర్. నెల జీతానికి ఫుట్‌బాల్ ఆడతాడు. ఆట లేనప్పుడు మిల్లులో బస్తాలు మోస్తాడు, అది ఒప్పందం. ఈ నీళ్లూ పేడా ఏ ఒప్పందంలోనూ లేవు. మెల్లగా అలవాటు చేశారు, అతనూ అలవాటు పడ్డాడు.

పొడుగు మనిషి. చేతులు మోకాళ్లను అందుకునేంత సాగి ఉంటాయి. మోకాళ్లు మాత్రం కూర్చున్నా లేచినా కీచుమంటాయి. ఎడమచేతి చిటికెన వేలు పక్కకు తిరిగి కొక్కెంలా ఉంటుంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆడినప్పుడు విరిగింది. దవాఖాన ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలలేదు. తేలేలోగా యాకయ్య ఆ వేలిని పక్క వేలికి సుతిలి తాడుతో కట్టేసుకుని మళ్లీ గోలులో నిలబడ్డాడు. అది అట్లాగే అతుక్కుంది.

ఖర్చు తేలకపోవడానికి కారణముంది. మిల్లుకు ఇద్దరు యజమానులు, చెరి ఎనిమిదణాల వాటా. టీం పెట్టిన కొత్తలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి పల్లీలు తింటూ ఆట చూసేవారు. గోడౌను తాళంచెవి దగ్గర మాటా మాటా పెరిగి మాటలు బందయ్యాయి. మిల్లును విడగొడితే ఇద్దరికీ నష్టమే. అందుకని పెద్దమనుషులు కూర్చుని, మిల్లును అట్లాగే ఉంచి, మిల్లులో ఉన్నవన్నీ చెరిసగం చేశారు. ఎడ్లబండ్లు, కాంటాలు, హమాలీలు అయిపోయాక ఆ వరసలోనే ఫుట్‌బాల్ టీం వచ్చింది. పదకొండు మందిని ఎనిమిదణాల లెక్కన పంచితే చెరి అయిదున్నర. అర మనిషిని ఎక్కణ్నుంచి తెస్తారు? అయిదుగురు ఇటు పోయారు, అయిదుగురు అటు పోయారు. మిగిలిన యాకయ్య ఉమ్మడి. ఆటకు రెండు సగాలుంటాయి కనక, మొదటి సగంలో అతను రామచంద్రం మనిషి, రెండో సగంలో వెంకట్రాజం మనిషి అని తీర్పు చెప్పారు. ఇంత బుద్ధితక్కువ తీర్పు చెప్పిన పెద్దమనుషులకు రెండిళ్లలోనూ పూర్ణాలతో భోజనాలు పెట్టారు.

ఆ రోజు నుంచీ యాకయ్య ఉమ్మడి సొత్తు. వాడుకోవడానికి ఇద్దరూ ఉన్నారు, వేలు విరిగితే ఎవరూ లేరు.

మిల్లు వెనక రేకుల గదిలో పుష్పమ్మ జొన్న గటక కుండ ముందు పెట్టుకుని కూర్చుంది. మొగుడి కాళ్లకు అంటిన పేడ చూసి ముఖం తిప్పుకుంది.

"ఆట దినం గూడ గీ పేడ తప్పదా? ఇద్దరు సేట్లు నిన్ను పంచుకున్నరు. నాకేం మిగిలింది?"

"ఇయ్యాల ఒక్కటి గడవనీ."

"మా అన్న ఎన్నిసార్లు కబురు పంపిండు! కాటారంల భూమి ఉన్నది, చేసే మనిషే లేడు. నువ్వేమో ఇయ్యాల, రేపు అంటవు."

యాకయ్య కాళ్లు కడుక్కోవడానికి లేచాడు. ఇవాళ మానుకోట టీంతో ఆట. గెలిచినా, సమానమైనా జిల్లా లీగులో ఉంటారు. ఓడితే బయటికి. బయటపడితే టీం మూసేస్తామని యజమానులిద్దరూ ప్రకటించారు. మాటలు బందైన రెండేళ్లలో వాళ్లు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

అతనికి గోలు తప్ప వేరే చోటు తెలియదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి ఏడాదంతా బడి మూతపడితే పిల్లలు రైలు పట్టాల పక్క మైదానంలో పొద్దంతా బంతి తన్నారు. పొడుగ్గా ఉన్నాడని ఇతన్ని రెండు రాళ్ల మధ్య నిలబెట్టారు. తర్వాత బడి తెరిచారు గాని యాకయ్య పోలేదు. ఇంట్లో అన్నల తర్వాత, బడిలో చివరి వరసలో, కూలి దగ్గర మందిలో ఒకడిగా ఉండేవాడు. ఆ రాళ్ల మధ్య మాత్రం అది తన చోటు. ఇంకొకడు వచ్చి నిలబడేది కాదు.

మిల్లులో తవుడు బస్తాలు దించుతుంటే వెంకట్రాజం సేటు పిలిచాడు. మెత్త మీద వెనక్కి వాలి, వక్కలు నములుతూ చెప్పాడు.

"ఇయ్యాల రెండో సగం మా బామ్మర్ది నిలవడుతడు. పెద్దవంగర నుంచి పిల్లనిచ్చేటోళ్లు పిలగాన్ని చూడ వస్తున్నరు. మైదానంల చూస్తే జర రుబాబుగ ఉంటది."

యాకయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"సేటు, ఇయ్యాల ఓడితే టీం ఉండది. నన్ను పూర్తిగ నిలవడనియ్యండ్రి. ఆయనను ముందట ఆడియ్యండ్రి."

"ముందటైతే ఉరకాలె కదరా. గోలుల అయితే ఊకె నిలవడొచ్చు." సేటు వక్క ఉమ్మేశాడు. "రెండో సగం నాది. నా ఇష్టం."

యాకయ్య గోడకు అవతల ఉన్న రామచంద్రం గదికి పోయాడు. ఆయన అంతా విని, ఎంతో న్యాయంగా తల ఊపాడు.

"రెండో సగంల నేను నోరు తెరవద్దు. అది మాట. రేపు ఆయన నా సగంల వేలు పెడ్తే నేనూకుంటనా? టీం పోతే పోనీ, మాట పోవద్దు. కాని ఆయనకు చెప్పు, గిది మంచిగ లేదని చెప్పు."

యజమానులిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏ మాటైనా ఉమ్మడి మనిషి ద్వారానే పోతుంది. యాకయ్య గోడ చుట్టూ తిరిగి వెంకట్రాజం గదికి వచ్చి చెప్పాడు. "ఆయన పని ఆయనను చూసుకొమ్మను" అన్నాడు వెంకట్రాజం. అది మళ్లీ ఇవతలికి మోసుకొచ్చాడు. బస్తా మోస్తే కనీసం దించాక భుజం తేలికవుతుంది. ఈ మాటలు మోసిన ప్రతిసారీ అతనికి నోరు కడుక్కోవాలనిపించేది.

మధ్యాహ్నం ఎండ వాలాక ఆట మొదలైంది. మైదానానికి ఒక పక్క షామియానా. కింద పెద్దవంగర చుట్టాలు వరసగా కూర్చుని మిక్చరు తింటున్నారు. మొదటి సగం తనది కాదు కనక వెంకట్రాజం కుర్చీని వెనక్కి తిప్పుకుని మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. నలుగురూ చూస్తుంటే సిగ్గన్నా వేయలేదు.

లోపల ఆట అంతకన్నా హీనం. రామచంద్రం మనుషులు వెంకట్రాజం మనుషులకు బంతి ఇవ్వరు. ఇస్తే సాయంత్రం చీవాట్లు. వీళ్లు గోలు కొడితే ఆ సేటుకు పేరు, వాళ్లు కొడితే ఈ సేటుకు పేరు. మానుకోట వాళ్లకు ఇదంతా అర్థమై నవ్వుకుంటూ ఆడారు.

యాకయ్య మాత్రం ఆ సగంలో అన్నీ మరిచిపోయాడు. పక్కకు దూకి ఒకటి ఆపాడు. మట్టి నోట్లో పడింది. కాళ్లకు అడ్డం పడి ఇంకొకటి లాక్కున్నాడు. ఒకసారి బంతి పట్టుకుని లేచి, ఎవరి మనిషి ఎక్కడున్నాడని చూడకుండా ఖాళీగా ఉన్న దిక్కుకు గట్టిగా తన్నాడు. అక్కడున్నది అయిలయ్య. వెంకట్రాజం వాటా మనిషి. బంతితో ఉరికి గోలు కొట్టాడు. జనం లేచి అరిచారు. రామచంద్రం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తన సగంలో అవతలివాడి మనిషి కొట్టాడాయె! వెంకట్రాజం ఏం జరిగిందో చూడనే లేదు.

సగం అయిపోయింది. ఒకటి సున్నా. కోచ్ జైసింగ్ రైల్వేలో ఆడి రిటైరైన మనిషి. పరుగున వెంకట్రాజం దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"సేట్‌జీ, ఇంకొక సగం గిట్లనే ఉంటే బతికినట్టే. యాకయ్యను తియ్యకుండ్రి."

"నీ జీతంల సగం నేనే ఇస్తున్న జైసింగు" అన్నాడు వెంకట్రాజం, కుర్చీ ముందుకు తిప్పుకుంటూ. అప్పటికే రామచంద్రం తన కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు.

గోల్‌కీపర్ అంగీ ఒక్కటే ఉంది. ఉమ్మడి ఖర్చు మరి. చెమటతో తడిసిన ఆ అంగీని విప్పి యాకయ్య బామ్మర్ది చేతికిచ్చాడు. అతను ముక్కు చిట్లించి, పౌడరు రాసుకున్న ముఖానికి తగలకుండా తొడుక్కున్నాడు. బొజ్జ దగ్గర అది పైకి లేచింది. దువ్వెన జేబులో పెట్టుకుని పోయి నిలబడ్డాడు.

బనీను మీద యాకయ్య వల వెనక నిలబడ్డాడు. మొదటి బంతి వచ్చినప్పుడు బామ్మర్ది షామియానా వైపు చూస్తున్నాడు. రెండోదానికి మట్టి అంటుతుందని పక్కకు జరిగాడు.

"ఎడమకు! ఎడమకు వంగండ్రి!" యాకయ్య వల పట్టుకుని అరిచాడు.

"నాకు చెప్తవారా నువ్వు?" అని బామ్మర్ది వెనక్కి తిరిగాడు. మూడోది అప్పుడు పడింది.

రామచంద్రం మనుషులు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశారు. ఇది వాళ్ల సగం కాదు కదా!  ఓటమి యాకయ్యకు కొత్త కాదు. ఓడనిస్తూ నిలబడ్డ ఆ ముఖాలను చూసి పట్టుకున్న వల వదిలేశాడు. ఇన్నేళ్లూ వీళ్ల గోలెం నింపి, వీళ్ల పేడ ఎత్తి కాపాడుకున్నది ఈ చోటునా?

ఈల మోగింది. మూడు ఒకటి. షామియానా కింద పెద్దవంగర పెద్దాయన మిక్చరు చేతులు దులుపుకుని "పిలగాడు మంచిగనే ఉన్నడు, నిండుగ ఉన్నడు" అన్నాడు. సంబంధం ఖాయమైంది.

గోలు ముందు ఇద్దరు యజమానులూ చెరో పక్కన నిలబడ్డారు. నడుమ యాకయ్య.

"మూడు గోల్స్ రెండో సగంలనే పడ్డయ్. ఆయనకు చెప్పు యాకయ్యా" అన్నాడు రామచంద్రం.

"మొదటి సగంల ఆయన మందిని ఉరికిచ్చి ఉరికిచ్చి చంపిండు. ఇంకేం దమ్ముంటది? ఆయనకు చెప్పు" అన్నాడు వెంకట్రాజం.

యాకయ్య అటూ ఇటూ చూశాడు. నోరు తెరిచాడు. ఈ రెండేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది.

"మీరే చెప్పుకోండ్రి సేటు."

ఇద్దరూ బిత్తరపోయారు. తర్వాత ఇద్దరి ముఖాలూ ఒకేసారి ఎర్రబడ్డాయి.

"వీనికి పొగరెక్కింది. టీం బంద్. కాళ్లకున్న బూట్లు మిల్లువి, ఇడిచి పో" అన్నాడు రామచంద్రం.

"ఇడిచి పో" అన్నాడు వెంకట్రాజం కూడా.

యాకయ్య కింద కూర్చుని తాళ్లు విప్పాడు. మోకాళ్లు కీచుమన్నాయి. ఎడమ బూటు రామచంద్రం ముందు పెట్టాడు. కుడి బూటు వెంకట్రాజం ముందు పెట్టాడు. లేచి, ఎవరికీ దండం పెట్టకుండా ఒట్టి కాళ్లతో గోలు దాటి నడిచాడు. గదిలో పుష్పమ్మ అతని ఒట్టి కాళ్లు చూసింది. గిన్నెలు గోనెసంచిలో వేసింది. పొద్దు గూకకముందే వచ్చిన కాజీపేట ప్యాసింజరులో ఇద్దరూ ఎక్కారు. అక్కణ్నుంచి వరంగల్లు చేరి కాటారం బస్సు పట్టుకోవాలి. స్టేషన్ టీకొట్టు దగ్గర జైసింగ్ ఒక్కడే చెయ్యెత్తాడు.

బూట్లు మైదానంలోనే ఉండిపోయాయి. ఒక్క బూటు తీసుకుంటే యాకయ్య బాధ్యత తనదని ఒప్పుకున్నట్టవుతుందని ఏ సేటూ వంగలేదు. ఎవరినీ తియ్యనియ్యలేదు. వానలు పడ్డాక కూడా ఆ రెండూ ఒకదానికొకటి దూరంగా, తలో దిక్కు తిరిగి, నోళ్లు తెరుచుకుని గోలు ముందు పడి ఉన్నాయి.