మూరెడు కొండ

ఆదివారం వచ్చిందంటే పొద్దున్న ఐదింటికల్లా రామలక్ష్మి సంచిలో పులిహోర డబ్బా, రెండు నీళ్ల సీసాలు, మెట్టోడి గిన్నె సర్దేది. చీర కుచ్చిళ్లు ఎగదోపి గుడ్డ బూట్లు తొడుక్కునేది. బూట్లు కనపడగానే మెట్టోడు ఇల్లంతా మూడు చుట్లు తిరిగేవాడు. వాడికి ఉన్నవి మూడు కాళ్లే గానీ ఆ తిరుగుడు చూస్తే నాలుగోది దండగనిపించేది.

మెట్టోడంటే కుక్క. రెండేళ్ల కిందట దెందులూరు దగ్గర హైవే మీద ఏదో బండి గుద్దేసి పోతే, పంక్చర్ల షాపు ఫిరోజ్ వాణ్ణి గోనెసంచిలో చుట్టుకుని పశువులాసుపత్రికి పరుగెత్తాడు. ప్రాణం దక్కింది, వెనక కాలొకటి దక్కలేదు.

"మా అమ్మ నమాజు చేసుకునే ఇల్లండీ, కుక్కని గడప దాటనివ్వదు. మీ దొడ్లో ఓ మూల పడుంటాడండమ్మగారూ," అని ఫిరోజ్ వాణ్ణి తెచ్చి రామలక్ష్మికి అప్పగించాడు. వాడు ఎప్పుడు చూసినా ఉత్తరానికి, మెట్ట వైపుకి, అంటే కొండలుండే వైపుకి మూతి పెట్టుకుని కూర్చునేవాడు. అందుకని ఆవిడ మెట్టోడని పేరు పెట్టింది. కొండకి తీసుకెళ్లేదాకా వాడి బెంగ తీరదని తెలిసి, యాభై ఆరేళ్ల వయసులో కొండలెక్కడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆవిడ ఎక్కిన ఎత్తల్లా చేని గట్టే.

వాడికో గుణం ఉంది. ఏ కొండ ఎక్కినా అందులో కాస్త ఎత్తు వాడి ఒంట్లో ఉండిపోతుంది. దిగొచ్చాక మొదట ఎక్కడ కునుకు తీస్తే అక్కడ నేల ఆ మేరకి లేస్తుంది. తనతో కొండెక్కిన మనిషి పక్కనుంటే తప్ప వాడికి నిద్ర పట్టదు. పాపం రామలక్ష్మేమో కొండ దిగొచ్చాక ఎక్కడో అక్కడ కాళ్లు చాపకుండా ఇల్లు చేరలేదు. ద్వారకా తిరుమల మెట్లెక్కి వచ్చిన రోజు పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూలబడింది. పక్కనే వాడూ పడుకున్నాడు. ఆఫీసు బెత్తెడు లేచింది. సర్పంచి గారు కొత్తగా ఓ మెట్టు కట్టించుకున్నారు. జీలకర్రగూడెం గుహల కొండ ఎక్కిన రోజు ఫిరోజ్ షాపు ముందు కూర్చుంది. అక్కడ జానెడు లేచింది. అప్పట్నుంచీ ఆ షాపు దగ్గర బండి ఆపాలంటే చక్రానికి రాయి అడ్డం పెట్టాలి.

"నిద్ర మన చేతిలో పనేంటండీ," అంటూ ఫిరోజ్ రాళ్లేరుకొచ్చాడు.

కొల్లేటి పక్కన పుట్టినవాళ్లకి బెత్తెడంటే చిన్న సంగతి కాదు. బెత్తెడు మెరకనున్న చేను పండుతుంది, బెత్తెడు పల్లాన ఉన్నది మునుగుతుంది. రామలక్ష్మికి వాళ్లమ్మ రాసిచ్చిన ఎకరం చేను ఊళ్లోకెల్లా పల్లం. మూడేళ్లుగా వానాకాలం సార్వా పంట నీళ్లలోనే కుళ్లిపోతోంది. చుట్టూ చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోయాయి.

"ఈ ఏడు కూడా మునిగిందా, చెరువుల శ్రీహరికి ఇచ్చేద్దాం లక్ష్మీ. చెరువు తవ్వుకుంటాడు," అన్నాడు ఆవిడ భర్త నరసరాజు. మాట కూడా ఇచ్చేశాడు.

ఆ చేలో వాళ్లమ్మ కలుపు తీస్తుంటే గట్టు మీద ఉయ్యాల్లో పడుకున్న మనిషి రామలక్ష్మి. అక్కడ పొక్లెయిన్ దిగడం తల్చుకుంటే కంచం ముందునుంచి లేచిపోయేది. జూన్‌లో కాలవకి నీళ్లొదిలేలోపు, నేల పొడిగా ఉండగానే, మెట్టోడు ఒక్కసారి ఆ చేలో కునుకు తీస్తే చాలు. బురదలో వాడు చచ్చినా పడుకోడు.

నరసరాజు గొణుగుడు వేరే. "లేపితే సరిపోతుందా? మరీ లేస్తే కాలవ నీరు ఎక్కొద్దూ? మూరెడు లేవాలి. అంతకి బెత్తెడు తగ్గితే మునుగుతుంది, బెత్తెడు పెరిగితే ఎండుతుంది. కుక్కకేం తెలుసు లెక్క!"

"మీకు తెలుసుగా, మీరూ రండి," అనేది ఆవిడ.

"ఈ మోకాళ్లతోనా!" అని ఆయన పేపరు విప్పేవాడు. ద్వారకా తిరుమలకి కూడా ఆయన ఎప్పుడూ బస్సులోనే పైకెళ్లాడు.

సోమవారం కాలవకి నీళ్లొదులుతారని తెలిసింది. ఆదివారం బుట్టాయగూడెం అవతల పెద్ద కొండకి వెళ్లాలని ఫిరోజ్ ట్రాలీ ఆటో కూడా మాట్లాడుకున్నారు. శనివారం పంచాయతీ ఆఫీసుకి పనుండి వెళ్లిన రామలక్ష్మి, తన కుక్క పుణ్యాన కట్టిన ఆ కొత్త మెట్టు మీదే కాలు మడతపడి కూలబడింది. ఇంటికొచ్చేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది.

ఉప్పు కాపడం పెట్టుకుంటూ కూర్చున్న ఆవిడ కళ్లలో నీళ్లు చూశాడు నరసరాజు.

"అంత నెప్పిగా ఉందా?"

"నెప్పికి కాదండీ."

ముప్పై మూడేళ్ల కాపరంలో ఆవిడ ఆయన్ని అడిగినవి చాలా తక్కువ. అది గుర్తొచ్చి ఆయనకి సిగ్గేసింది.

మర్నాడు తెల్లారేసరికి గుమ్మంలో బూట్లు లేవు, మెట్టోడూ లేడు, మొగుడూ లేడు. ఆవిడ బూట్లు ఆయనకి సరిపోవు. వేళ్ల దగ్గర గుడ్డ కోసుకుని మరీ తొడుక్కుపోయాడు.

ఫిరోజ్ కొండ కింద ఆటో దగ్గర ఉండిపోయాడు. నరసరాజు, మెట్టోడు ఎక్కారు. మొదటి మలుపు దగ్గర ఆయనకి ఆయాసం వచ్చింది. రెండో మలుపు దగ్గర గాలి వచ్చింది. అరవయ్యేళ్లుగా బల్లపరుపు నేల మీద తిరిగినవాడికి, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేకపోవడం అదే మొదలు. మెట్టోడు గొలుసు లాగుతున్నాడు. పైన ఇంకో మలుపుంది, ఆపైన శిఖరం. ఆయనకీ పైకి పోవాలనే ఉంది. ఎంతగా ఉందంటే, ఒక పదడుగులు వేసేశాడు కూడా.

అక్కడ ఆగి లెక్క కట్టాడు. తిరుమల కొండకి బెత్తెడు, గుహల కొండకి జానెడు. ఈ కొండ రెండో మలుపుకి మూరెడు, కొసకెక్కితే మూరన్నర. కాలవ నీరు ఎక్కదు.

"చాల్రా మెట్టోడా," అన్నాడు. వేసిన పదడుగులూ వెనక్కి వేశాడు. శిఖరం వైపు మళ్లీ చూడలేదు, చూస్తే ఆగలేనేమోనని.

తిరుగు దారంతా జంతికలు తినిపిస్తూ కుక్కకి కునుకు రాకుండా కాసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి రామలక్ష్మి కర్ర ఊతంతో కుంటుకుంటూ చేను దగ్గరికి వచ్చింది. నెర్రెలిచ్చిన నేల నడిమధ్యన, నెత్తిన తడి తువ్వాలేసుకుని నరసరాజు గురక పెడుతున్నాడు. ఆయన పొట్ట మీద తల పెట్టి మెట్టోడూ గురక పెడుతున్నాడు. పులిసిన పిండిలా చేనంతా మెల్లిగా లేస్తోంది. ఆవిడ లేపలేదు. గొడుగు ఇద్దరి మీదా పట్టి, చేను లేవడం ఆగేదాకా నిలబడింది.

మర్నాడు కాలవ నీరు వచ్చింది. చేని గట్టు దగ్గర కాస్త తటపటాయించి, ఎక్కింది.

సెప్టెంబరులో నాలుగు రోజులు వాన దంచింది. కొల్లేరు పొంగి ఊరి దాకా వచ్చింది. పల్లపు వీధిలో దానమ్మ ఇంట్లోకి ఎప్పటిలాగే నీళ్లొస్తే, మూటాముల్లెతో రామలక్ష్మి వసారాలోకి చేరింది. ఎటు చూసినా నీళ్లే. మధ్యలో ఆ ఎకరం మాత్రం, పొట్టకొచ్చిన వరితో, ఆరబెట్టిన ఆకుపచ్చ చీరలా ఉంది.

చెరువుల శ్రీహరి దోనె వేసుకుని వచ్చాడు. దిగి చేలో నడిచాడు. కర్ర గుచ్చి చూశాడు.

"ఇది చెరువుకి పనికిరాదండి రాజుగారూ. మెరకైపోయింది. ఏమీ అనుకోకండి."

"ఆయ్, పర్లేదండి," అన్నాడు నరసరాజు చాలా మర్యాదగా.

దోనె కనుమరుగయ్యాక రామలక్ష్మి ఏడ్చింది, మధ్యలో నవ్వింది. చేతికందిన ఒక కంకిపొట్టని నిమురుతూ అడిగింది.

"ఏవండీ, అడగనేలేదు. ఆ కొండ పైనుంచి ఏం కనపడిందండీ?"

"ఏమో. పైదాకా ఎక్కితేగా."

ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆయన మొహం కేసి చూసింది. ఎన్నాళ్ల నుంచో ఆయన ఆదివారం పొద్దున్న ఉత్తరం వైపు మూతి పెట్టుకుని కూర్చుంటున్న సంగతి గుర్తొచ్చింది.

"దానమ్మ ఎప్పట్నుంచో అడుగుతోంది, వాళ్ల గుమ్మంలో మెట్టోడి చేత ఓ కునుకు తీయించమని. నీళ్లు తీశాక వెళ్దామా?"

నరసరాజు కాసేపు లెక్క కట్టాడు. మొహం మెల్లగా విప్పారింది.

"దానమ్మ గుమ్మానికి కాలవ నీరు అక్కర్లేదు కదూ?"

"ఎందుకండీ, గుమ్మానికి?"

"అయితే ఈసారి కొసదాకా ఎక్కొచ్చు!"

నీళ్లు తీసిన మొదటి ఆదివారం గుమ్మంలో రెండు జతల బూట్లు కనపడ్డాయి. మెట్టోడు ఇల్లంతా ఆరు చుట్లు తిరిగాడు. దానమ్మ అప్పటికే వాకిలి ఊడ్చి, గుమ్మం ముందు గోనెపట్టా పరిచి, పక్కనే ఇద్దరికి సరిపడా చాప కూడా వేసి ఉంచింది.