మిల్లుకు పరస్థానం

వేమూరు ఉప్పుడు బియ్యం మిల్లులో మోటార్లు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పీఎల్‌సీ పెట్టె ఒకటుంది. దానికి బుద్ధులు నేర్పేవాడు రేపల్లె ఆదాము. ఆ బుద్ధులన్నీ నిచ్చెనలాంటి బొమ్మల్లో గీస్తాడు, మెట్టుకో మాట చొప్పున. భార్య జ్యోత్స్న బాపట్ల కాలేజీలో పైథాన్ అనే కంప్యూటరు భాష పాఠాలు చెబుతుంది. "మీరూ కాస్త నేర్చుకోండి" అంటే, "వడ్లు ఉడకబెట్టడానికి పైథాన్ ఎందుకే?" అనేవాడు.

యజమాని బసవేశ్వరరావుగారు మంచివాడే గాని, చెడు ఘడియలో తుమ్మొచ్చినా ఆపుకునే రకం. ఒకరోజు ఆదామును పిలిచాడు.

"ఏమయ్యా, రాహుకాలంలో మనవాళ్లు మిషను వేసేస్తున్నారు. ఎవడు నొక్కినా కదలకూడదు."

రాహుకాలం వారాన్ని బట్టి వస్తుంది. నిచ్చెనకు ఏడు మెట్లు తగిలిస్తే సరిపోయింది. మరునాడే ఆయన, "మరి వర్జ్యమో?" అన్నాడు.

వర్జ్యం నక్షత్రాన్ని బట్టి రోజుకో వేళకొస్తుంది. ఏడాదంతటికీ మెట్లు వేస్తే ఆ నిచ్చెన చంద్రుడికి ఆనుతుంది.

"కష్టమండి."

"నీ వల్ల కాదంటే చెప్పు. తెనాలి మధుసూదన్ పైథాన్‌తో చిటికెలో చేస్తానన్నాడు. ఈ వారంలో కాకపోతే మిల్లు అతనికే అప్పజెప్తా."

మిల్లు పోతే ఆదాముకు మిగిలేది అడవులదీవి రొయ్యల చెరువుల్లో మోటార్లు విప్పుకోవడమే. ఇంటికెళ్లి, "అది నాక్కాస్త చెప్పవే" అన్నాడు.

"వడ్లు ఉడకబెట్టడానికి పైథాన్ ఎందుకండీ?" అంది జ్యోత్స్న, చేపల పులుసు దించుతూ.

"ఏడిపించకే."

"చర్చిలో వాక్యం చదివే మనిషి వర్జ్యాలు లెక్కేస్తున్నాడని పాస్టరుగారికి తెలిస్తే?"

"ఆయన మిల్లు, ఆయన చంద్రుడు. నాది కరెంటు పని."

మోటార్ల సంగతి నిచ్చెనకే వదిలి, పక్కన చిన్న కంప్యూటరు పెట్టారు. పంచాంగం పట్టికగా ఎక్కించి, 'ఈ వేళ అందులో ఉందా?' అని అడిగితే చాలు. అది అవునో కాదో చెబుతుంది, పెట్టె వింటుంది. ఊరంత నిచ్చెన అరచేతిలో ఇమిడింది. ఇంత సుళువని ముందే ఎందుకు చెప్పలేదని ఆదాముకు భార్యమీద కోపం కూడా వచ్చింది.

సుళువని తెలిశాక బసవేశ్వరరావుగారు ఊరుకుంటాడా! దుర్ముహూర్తం, యమగండం, గుళిక కూడా చేర్పించాడు.

శుక్రవారం పొద్దున తొట్లలో వడ్లు నాని ఉన్నాయి. బాయిలరు ఆవిరి కక్కుతోంది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. గుళిక. అది పోగానే దుర్ముహూర్తం, దాని తోక పట్టుకుని వర్జ్యం, ఆపైన రాహుకాలం. మధ్యాహ్నం కాస్త మంచి వేళ దొరికింది గాని, అప్పుడు కూలీలు అన్నానికెళ్లారు. తిరిగొచ్చేసరికి మళ్లీ దుర్ముహూర్తం. వడ్లు పులిసిన కంపు రోడ్డు దాకా కొట్టింది.

"నీ పైథాన్ నా వడ్లు మింగేస్తోందయ్యా! రోజూ ఇదే అయితే మిల్లు మూతే. మధుసూదన్‌ని పిలుస్తున్నా."

"అవన్నీ తీసెయ్యమంటారా?"

"తీస్తే అరిష్టం."

"ఉంచితే?"

"కంపు."

ఆదాము తల గోక్కున్నాడు. "బాబుగారూ, మీరు ప్రయాణమయ్యే వేళకు ముహూర్తం లేకపోతే ఏం చేస్తారండి?"

"ముందే మంచి ఘడియలో ఓ సంచి పక్కింట్లో పెట్టొస్తాం. పరస్థానం. ఇక బయల్దేరినట్టే లెక్క, ఎప్పుడెళ్లినా దోషం లేదు."

"మిల్లుకీ పెడదామండి. ఏ రోజుకారోజు మొదటి మంచి ఘడియ అదే వెతుక్కుంటుంది. గంట మోగించి, మోటారు ఒక్క చుట్టు తిప్పి ఆపేస్తుంది. మొదలైనట్టే లెక్క, ఇక ఆ రోజంతా ఎప్పుడు నొక్కినా తిరుగుతుంది."

బసవేశ్వరరావుగారు కళ్లు మూసుకుని ఆలోచించాడు. దోషం కనబడలేదు. ఆదాము అక్కడే కూర్చుని నాలుగు వరసలు రాశాడు. దుర్ముహూర్తం దాటగానే గంట మోగింది, మోటారు ఒక్క చుట్టు తిరిగి ఆగింది. ఆయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, తెనాలికి ఫోన్ చేశాడు. "నువ్వు రానక్కర్లేదులే బాబూ."

ఫోన్ జేబులో పెట్టుకుంటూ కంప్యూటరు తెరవైపు వంగాడు. "ఆదివారం పొద్దున మిషను కదలకూడదని ఈ ఎర్రగీత ఏంటయ్యా? పంచాంగంలో ఏమీ లేదే!"

"అది మా ఆరాధన వేళండి. అప్పుడు మిషను ఆగితే బాగుచెయ్యమని నాకు ఫోనొస్తుంది. అసలు మొదలవ్వకపోతే ఆగదు కదండీ."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "పోనీ, దానికీ పరస్థానం పెట్టకూడదూ?"

"మాలో ఆ ఆచారం లేదండి" అన్నాడు ఆదాము.