ఎర్రగీత కింద ఊపిరి

పొద్దున్నే సూట్లకు స్నానం చేయించడం ఆమె పని. యాసిడ్ ట్యాంకరు ఎక్కడ బోల్తా పడినా పరుగెత్తే దళం వేసుకునే సూట్లవి. కడిగాక మెడ దగ్గర బిగించి లోపలికి గాలి కొట్టాలి. ఉబ్బిన సూటుకి సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందోనని కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. బుడగ లేస్తే అక్కడ చిల్లి ఉన్నట్టు. తలల్లేని లావుపాటి మనుషుల్లా అవి వరసగా వేలాడుతుంటే కొత్తగా చేరినవాళ్ళు జడుసుకునేవారు. ఆమె మాత్రం "ఆ పొట్ట కాస్త లోపలికి లాక్కో" అని వాటిని కసురుకుంటూ పని చేసుకుపోయేది.

శనివారం పని ముగిశాక స్టోరుకి వెళ్ళేది. స్టోరు చూసే పెద్దాయనని అందరూ బాబాయి అంటారు. ఆమె అడక్కుండానే ఆయన మూల అలమరలోంచి మాస్కు తగిలించి ఉన్న ఒక గాలి సిలిండరు తీసి బల్ల మీద పెట్టేవాడు. అది దళంలో పనిచేస్తూ పోయిన ఆమె భర్తది. అందులో ఆయన ఊపిరి మిగిలి ఉంది. వాల్వు కాస్త తిప్పితే మాస్కులోంచి వినిపించేది. రెండు దీర్ఘమైన శ్వాసలు, కొంచెం ఆగడం, చివర చిన్న దగ్గు. దవడన పెట్టుకునే దగ్గు బిళ్ళ వాసన కూడా వచ్చేది. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు సైతం, ఇందులో మనిషి ఊపిరి ఉంటే మళ్ళీ నింపకండి అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

"తక్కువ తిప్పమ్మాయ్, ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చేసింది" అన్నాడు బాబాయి కిందటి శనివారం. గాలి అయిపోవస్తోందని చెప్పే ఆ గీత దాటితే సిలిండరు ఈల వేస్తుంది. ఆ తర్వాత ఇక ఊపిరి ఉండదు. ఆ వారం ఒక్క శ్వాస మాత్రం విని కట్టేసింది.

ఆమె భర్త పోయింది ఒక బోర్డు వల్ల. ట్యాంకరులో ఏముందో చెప్పే బోర్డు వెనక తగిలించి ఉంటుంది. సరుకు మారినప్పుడల్లా దాన్ని మార్చాలి. ఆ రోజు బోల్తా పడిన ట్యాంకరు డ్రైవరు బద్ధకించి పాత ట్రిప్పు బోర్డే ఉంచేశాడు. ఆయన బోర్డు చూసి కాస్టిక్ సోడా అనుకుని నీళ్ళు కొట్టించాడు. లోపల ఉన్నది గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్. నీళ్ళు తగలగానే అది మరిగి మీదికి ఎగిరింది. డ్రైవరు మాత్రం చెక్కుచెదరకుండా బయటపడి, కొన్నాళ్ళకి ఇంకో కంపెనీలో చేరాడు. వాడు పోవాలని ఆమె దండం పెట్టుకోని రోజు లేదు. ఆ మాట ఎవరి దగ్గరా దాచలేదు కూడా.

ఇవాళ శనివారం కాదు. పొద్దున జరిగిన ఒక లీకుకే సిలిండర్లు దాదాపు అన్నీ ఖాళీ అయ్యాయి, గాలి నింపే మిషను మొరాయించింది. ఇంతలో బైపాసు మలుపులో నైట్రిక్ యాసిడ్ ట్యాంకరు తిరగబడింది. మిగిలిన కాసిని సిలిండర్లూ తగిలించుకుని దళం వెళ్ళింది. కాసేపటికి వైర్‌లెస్‌లో దళనాయకుడు పిలిచాడు. గోధుమరంగు పొగ కమ్మేసిందట. డ్రైవరు కాళ్ళు స్టీరింగు కింద ఇరుక్కున్నాయట. ఇనుము కోసి బయటికి లాగేదాకా అతనికి ఊపిరాడాలి, ఉన్నది ఏదైనా సరే పంపమన్నాడు.

బాబాయి అలమర వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు చూశాడు.

"డ్రైవరెవరు?" అంది ఆమె వైర్‌లెస్‌ దగ్గరికొచ్చి.

"వాడే అక్కా" అన్నాడు దళనాయకుడు. "ఈసారి బోర్డు సరిగ్గానే పెట్టాడు."

ఆమె సిలిండరుని ఒళ్ళోకి లాక్కుని నేల మీద కూలబడింది. ఇవ్వనంది. ఊరంతా వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వనంది. అప్పుడు, వాల్వు కట్టేసి ఉండగానే, లోపల శ్వాస వినిపించింది. పిలుపు రాగానే సూటు జిప్పు లాక్కుంటూ, బూట్ల కోసం తడుముకుంటూ ఆయన తీసే ఆ గాభరా శ్వాస. అన్నం కంచం ముందునుంచి అలా లేచిపోయిన మనిషిని ఆమె ఒక్కనాడైనా ఆపగలిగిందా? "వెళ్ళు, వెళ్ళి చావు" అని ఏడుస్తూ సిలిండరు బాబాయి చేతుల్లో పెట్టింది.

కోత చాలాసేపు పట్టిందట. ఎర్రగీత మీద ముల్లు అంతసేపూ కదల్లేదని దళనాయకుడు చెప్పాడు. డ్రైవరుని బయటికి లాగాక ఈల మోగింది. వెనక్కి వచ్చిన సిలిండరు వాల్వు ఆమె పూర్తిగా తిప్పి చూసింది. ఏమీ రాలేదు. మాస్కు వాసన చూసింది. ఉత్త రబ్బరు వాసన.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళింది. వాడి మొహం మీద అనాలనుకున్నవి దారి పొడుగునా కూడబెట్టుకుంది. వాడు నిద్రపోతున్నాడు. పక్కన వాడి భార్య మొహం చెల్లక లేచి నిలబడింది. వాడిని లేపడానికి ఆమె మంచం మీదికి వంగింది. దుప్పటి కింద వాడి ఛాతీ పెద్దగా లేచి దిగింది. మళ్ళీ లేచి దిగింది. కొంచెం ఆగింది. చివర చిన్న దగ్గు. దగ్గు బిళ్ళ వాసన.

ఇన్నాళ్ళూ ఎవడు పోవాలని కోరుకుందో వాడు నిండు నూరేళ్ళూ బతకాలని ఇక దండం పెట్టుకోవాలి. ఆమెకి గోడకి తల బాదుకోవాలనిపించింది.

డ్రైవరు భార్య స్టూలు లాగి మంచానికి ఎడమవైపు వేసింది.

"ఇటు కూర్చోండక్కా. ఇటైతే ఊపిరి బాగా వినిపిస్తోంది."

ఆమె కూర్చుంది.