వైఫల్యం కాదు, అంతరాయం

సాఫ్ట్‌వేర్ ఎందుకు చెడిపోతుందో, చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలో చర్చించడానికి ఏటా ఒక సదస్సు జరుగుతుంది. దాన్ని నడిపే సంఘంలో మేం తొమ్మిదిమందిమి. లోకంలో ఎవడి ప్రోగ్రాం కూలినా పోస్టుమార్టం చేసేస్తాం. మా సొంత సైటు కూలితే మాత్రం టీ తెప్పించుకుంటాం.

ఆ సైటు తయారుచేసినవాడు మా అధ్యక్షుడి మేనల్లుడు. పద్దెనిమిదేళ్లుగా కుర్చీ వదలని ఆ అధ్యక్షుణ్ణి మేమంతా పెద్దాయన అంటాం. పరిశోధకులు వ్యాసం పంపి మీట నొక్కగానే తెర మీద పచ్చటి అక్షరాలతో ‘అందింది’ అని వస్తుంది. వ్యాసం భద్రంగా చేరాక కదా ఆ మాట చెప్పాల్సింది? మేనల్లుడికి అంత ఓపిక ఎక్కడిది! ముందు అందిందని చెప్పేసి, ఆ తర్వాత దాచుకునేలా రాశాడు. చివరి రోజు రద్దీకి ఆరు వ్యాసాలు గాల్లో కలిసిపోయాయి.

వాటిలో ఐదు పెద్దాయనకు తెలిసినవాళ్లవి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, గడువు దాటాక గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ తెప్పించుకున్నాడు. ఆరోది ఏదో చిన్న కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే ఒకావిడది. ఆవిణ్ణి ఎవరూ ఎరగరు కాబట్టి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నెల తర్వాత, పరిశీలనకు వెళ్లిన వ్యాసాల జాబితాలో తనది కనపడక, ఆవిడే ఫోన్ చేసింది, నేను సంఘం కార్యదర్శిని కాబట్టి నాకు.

“అందిందని వచ్చింది కదండీ, ఫోటో కూడా తీసి పెట్టుకున్నాను. ఈ ఏడు మీ సదస్సులో వ్యాసం రాకపోతే కాలేజీవాళ్లు నన్ను తీసేస్తారండీ. చదివి బాగోలేదంటే సరే. చదవకుండానే పోతే ఎలా?”

సంఘంలో మాట్లాడతానని మాటిచ్చాను.

మా నియమావళిలో ఒక వాక్యముంది. సైటు వైఫల్యం చెందితే అందరికీ గడువు మళ్లీ తెరవాలి. అలా తెరిస్తే ఆవిడ గట్టెక్కుతుంది, మేనల్లుడి ఘనకార్యం మినిట్సులోకి ఎక్కుతుంది.

సంఘం సమావేశం పెట్టుకున్న హోటల్ కింది అంతస్తులో, పనిచెయ్యని మైకు ముందు కూర్చుని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “అసలు దీన్ని వైఫల్యం అనొచ్చా?”

నిర్వచనాల మాస్టారు అందుకున్నాడు. వైఫల్యం అంటే ఏమిటో నిర్వచించి, దాని మీదే ముప్పై ఏళ్లు బతికిన మనిషి. “పని ఆగిపోతేనే వైఫల్యం. ఇక్కడ ఆగలేదే! అందిందని తెర మీద వచ్చిందిగా? అంటే సైటు పనిచేసినట్టే. అంతరాయం అందాం.”

“అంతరాయం! బావుంది బావా,” అన్నాడు పెద్దాయన.

ఇంక చూడాలి మా మేధావుల హడావిడి. ఒకాయన ‘స్వల్ప’ చేర్చమన్నాడు. ఇంకొకాయన ‘తాత్కాలిక’ కూడా ఉంటే నిండుగా ఉంటుందన్నాడు. ఆ రెంటిలో ఏది ముందుండాలని రెండు గంటలు కొట్టుకున్నారు. పోయిన వ్యాసం శాశ్వతంగా పోయింది కదా అని ఒక్కడూ అనలేదు. రాసినావిడ పేరేమిటని అడిగిన పాపాన కూడా పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లా లోకానికి నమ్మకం గురించి పాఠాలు చెప్పేది!

“ఎవరికైనా అభ్యంతరమా?” పెద్దాయన చూపు నా మీదే ఆగింది. అంతలోనే నా వైపు వంగి, “వచ్చే ఏడు సదస్సు కార్యక్రమాలు నడిపే పదవి నీకే ఇద్దామనుకుంటున్నాన్రా అబ్బాయ్,” అన్నాడు చిన్నగా.

నాకు నలభై ఆరేళ్లు. ఆ పదవి కోసం తొమ్మిదేళ్లుగా ఈ బల్ల దగ్గర మినిట్సు రాస్తున్నాను. నోరు తెరిచాను. పళ్లెంలో బిస్కెట్టు కనిపిస్తే అది పెట్టుకుని మూసేశాను.

“ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.”

ఎనిమిది చేతులు లేచాయి. తొమ్మిదోది నాది.

మర్నాడు పొద్దున్నే ఆవిడకు ఫోన్ చేసి, జరిగింది అంతరాయమే కాబట్టి గడువు మళ్లీ తెరవబోమన్న తీర్మానం చదివి వినిపించాను.

“ఒక్కరైనా కాదనలేదా అండీ?”

“లేదమ్మా. ఏకగ్రీవం.”

“అంటే... మీరు కూడా చెయ్యెత్తారా?”

మాట స్పష్టంగా వినపడింది. 

“హలో... హలో... వినపడటం లేదమ్మా,” అన్నాను.