సంతకాల బడి

దేవదానం మెస్ హాలు తుడుస్తూ తుడుస్తూ చివరి బల్ల దగ్గరకొచ్చాడు. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. అయినా ఆదివారం కదా, పది కొట్టేసరికి నేల ఆరిపోవాలి, పిల్లలొస్తారు. పిల్లలంటే నలభై దాటిన తాపీపనివాళ్ళే లెండి, మీసాలు నెరిసినవాళ్ళు.

నంద్యాల వైపు పాస్టరుగా ఉన్న రోజుల్లో ఆయన పాక వేసి బడి పెట్టాడు. పద్దెనిమిదేళ్ళు నడిపాడు. కరోనాలో అది మూతబడింది, ఆ ఏడే భార్యా పోయింది. యాభై మూడేళ్ళ వయసులో గల్ఫులో ముసఫ్ఫా లేబర్ క్యాంపుకి క్లీనరుగా వచ్చిపడ్డాడు. వచ్చాక మనిషి మారాడా అంటే, ఎక్కడ మారతాడు! ఇక్కడా బడే. ప్రార్థన మాట ఎత్తొద్దన్నాడు క్యాంపు ముదీర్, అంటే మేనేజరు. ఎత్తలేదు. ముందు చదవడం నేర్పుతానంటే ఆ తాపీవాళ్ళు వింటేనా?

"అవన్నీ తర్వాత సారూ, ఇంగ్లీషుల సంతకం రావాలె ముందు. బొటనేలు ముంచాలంటే సిగ్గయితాంది."

సరేనని సంతకమే నేర్పాడు. ఆర్నెల్లు పట్టింది.

ఇంతలో పర్శరాములు పరుగున వచ్చాడు. ఆ బడిలో అందరికంటే మొద్దు వాడే, ఆయనకు అందరికంటే ఇష్టుడూ వాడే.

"సారూ! ఆఫీసుల కాయితం ఇచ్చిండ్రు. సిరా డబ్బా ముంగట పెడితే పక్కకు నూకిన! పెన్ను గుంజుకొని సంతకం గీకిన. ముదీర్ మొఖం చూడాలె నువ్వు!"

"ఏం కాగితం రాములూ?"

"ఎవలకెర్క? ఇరవై ఇద్దరం పెట్టినం."

"చదివి చెప్పలేదా?"

"ఏలిముద్రోల్లకు హిందీల చదివి చెప్తడు గద. సంతకం పెట్టెటోనికి ఎందుకు చెప్తడు? అడుగుతే ఇజ్జత్ పోదా?"

కాసేపటికి ముదీర్ పిలిచి ఆ కాగితమే ఆయన ముందుకు తోశాడు. ఇంగ్లీషులో మూడే వాక్యాలు. బడి వల్ల సెలవు రోజున విశ్రాంతి లేదట, ఈ క్లీనరును వేరే చోటికి పంపమని కార్మికులే కోరుతున్నారట. కింద ఇరవై రెండు సంతకాలు, ఒక్కొక్కటీ ఆయన చేయి పట్టి దిద్దించినదే. పర్శరాములుది ఎక్కడా వణకలేదు. పాడు మనసు, అప్పుడు కూడా ఒక్క క్షణం మురిసింది.

"రెండింటికి బస్సు. కల్బా క్యాంపు. ఖలాస్," అన్నాడు ముదీర్.

పర్శరాములు సంచీ మోసుకుంటూ గేటు దాకా వచ్చాడు. "ఎవడు జేసిండు సారూ గీ పని? వాని చెయ్యి ఇరగ!"

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే వీళ్ళు మళ్ళీ జన్మలో పెన్ను ముట్టరు. మింగేశాడు.

"కంపెనీ పనిరా. నువ్వు రాయడం మానకు."

బస్సు కదిలింది. గదుల వెనక తీగ మీద ఆయన పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచొక్కా ఉండిపోయింది. ఎవరిదో తెలియక ఎవరూ తీయలేదు. ఎండకు కట్టెలా బిగుసుకుపోయింది, చేతులు రెండూ నేల వైపుకి.