రెబ్కా సంతానం

ఆఫీసులో ఎవరైనా ‘కోటేశ్వరరావు గారూ’ అని పిలిస్తే ఆయన తలెత్తడానికి అరక్షణం ఆలస్యమవుతుంది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో ఆ అరక్షణం తగ్గలేదు. కింది ఉద్యోగులు దాన్ని పెద్దరికం అనుకుంటారు. ఇంట్లోనూ, పెదకాకాని అవతల తన ఊళ్లోనూ, ఆదివారం చర్చిలోనూ ఆయన మార్క్. ఆ పేరుకు తల దానంతటదే తిరుగుతుంది.

ఇందులో వింతేమీ లేదు. వాళ్ల పేటలో చాలామందికి రెండు పేర్లు. ఒకటి పాస్టరు గారు పెట్టింది, ఇంకొకటి హెడ్మాస్టరు పెట్టింది. బాప్తిస్మం పుచ్చుకున్నవాడు ఎస్సీ కాకుండా పోతాడని చట్టం అంటుంది. ఊరు మాత్రం ఎన్నడూ అలా అనలేదు. పుచ్చుకోకముందు ఎక్కడ నిలబెట్టిందో పుచ్చుకున్నాకా అక్కడే నిలబెట్టింది. అందుకని పేటవాళ్లు చట్టానికి ఒక పేరు, దేవుడికి ఒక పేరు ఇచ్చి ఇద్దరితోనూ మంచిగా ఉంటున్నారు.

మార్క్‌ను బోర్డు స్కూల్లో వేసిన రోజున హెడ్మాస్టరే తండ్రితో, “ఈ పేరుతో స్కాలర్‌షిప్పు రాదయ్యా దానయ్యా” అని పిల్లవాడికి కోటేశ్వరరావు అని రాశాడు. తండ్రికి బాప్తిస్మానికి ముందున్న పేరు యలమందయ్య అని, తల్లికి బసవమ్మ అని రాశాడు. అన్న ప్రభు అప్పటికే గుంటూరు మిషన్ హాస్టల్లో చదువుతున్నాడు. అక్కడి రిజిస్టర్లో తండ్రి దానయ్య, తల్లి రెబ్కా. ఆ విధంగా ఒకే చాప మీద పడుకున్న అన్నదమ్ములకు కాగితాల మీద నలుగురు తల్లిదండ్రులయ్యారు. ఇన్నాళ్లూ ఆ నలుగురూ ఒకరికొకరు అడ్డం రాలేదు.

ప్రభు లెక్కల మాస్టారుగా జాంబియా వెళ్లి, అటునుంచి ఇంగ్లండు చేరి, ఆ దేశపు పౌరుడై, అక్కడే పోయాడు. ఆయన కూతురు హెలెన్ ఈ ఫిబ్రవరిలో దిగింది. కల్లాల్లో మిరపకాయ ఎండుతున్న రోజులు. ఆటో దిగిన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉంది.

“క్షేమముగా ఉన్నారా బాబాయ్?” అంది తుమ్ముల మధ్య.

ఆమె తెలుగు నేర్చింది తండ్రి చేసే కుటుంబ ప్రార్థనల్లో. కాఫీ అడిగినా కీర్తన చదివినట్టుండేది.

ఆమెకు కావలసింది ఓసీఐ కార్డు. ఆ కార్డుతో ఇక్కడి పౌరసత్వం రాదు గానీ, వీసా అడక్కుండా ఎప్పుడంటే అప్పుడు వచ్చి ఎన్నాళ్లయినా ఉండొచ్చు. తండ్రో, తాతో, నాయనమ్మో, చివరికి ముత్తాతయినా సరే, ఈ దేశపు పౌరులై ఉంటే చాలు. తండ్రి పాత పాస్‌పోర్టు ఇంగ్లండులో ఇల్లు మారినప్పుడు పోయింది.

“అందుచేత నాయనమ్మను పట్టుకున్నాను,” అంటూ హెలెన్ ఫైలు విప్పింది. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసిన రెబ్కా సర్వీసు పుస్తకం, పాత ఓటర్ల జాబితాలో ఆమె పేరు, పక్కన భర్త దానయ్య. పాస్టరు గారిచ్చిన ప్రభు బాప్తిస్మపు రిజిస్టరు నకలు. అదే రిజిస్టర్లో కొన్ని పుటల తర్వాత ఇంకో కొడుకు ఉన్నాడని ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

“ఒక్కటే కొదువ. నాన్న ఆమె కుమారుడని కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు. అది మండలాఫీసులో ఇస్తారట. మీరు అక్కడే గదా బాబాయ్! దేవుని చిత్తం.”

దేవుని చిత్తం మరీ ఇంత దగ్గరికి రావడం మార్క్‌కు నచ్చలేదు.

కాఫీ తెచ్చిన కూతురు జాస్మిన్ ఫైలు వంక చూసింది, తండ్రి వంక చూసింది. సర్టిఫికెట్లలో ఆమె తేజశ్రీ, ఎస్సీ. తండ్రి కోటేశ్వరరావు, తాత యలమందయ్య. టీచరు పోస్టుకి సెలెక్టయింది. సోమవారం సర్టిఫికెట్ల వెరిఫికేషన్.

ఆ సాయంత్రం హెలెన్ స్నానానికి వెళ్లగానే జాస్మిన్ అంది: “నాన్నా, అక్క పని ఆపొద్దు. నా పని చెడగొట్టొద్దు.”

“రెండూ ఎట్లా కుదురుతాయే?”

“ముప్పై ఏళ్లుగా మీరు చేసేదదేగా!”

ఆయన కూర్చుని ఆలోచించాడు. సర్టిఫికెట్టులో పిల్లలందర్నీ రాయాలి. రెండో కొడుకుగా మార్క్‌ను రాద్దామంటే మార్క్ అనేవాడికి ఆధార్ లేదు, ఓటు లేదు. వాడు పుట్టిన సంగతి ఆ చర్చి రిజిస్టరుకు తప్ప ఇంకే కాగితానికీ తెలియదు. కోటేశ్వరరావును రాస్తే దానయ్యే యలమందయ్య అనీ, రెబ్కాయే బసవమ్మ అనీ ఒప్పుకోవాలి. ఆ కాగితం రికార్డుల్లో పడి ఉంటుంది. సోమవారం దాటితే తీరేది కాదు. ఏ పదేళ్లకో గిట్టనివాడొకడు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే తన పెన్షనూ, కూతురి ఉద్యోగమూ రెండూ ఊగుతాయి. అసలు సర్టిఫికెట్టే లేకపోతే అన్న కూతురు పరాయిది. పరాయి దేశపు పిల్లను ఈ మట్టిదని రుజువు చేసే కాగితమే, ఈ మట్టి వదిలి ఎటూ పోని తనను దొంగగా రుజువు చేస్తుంది. తన స్థితికి తనకే నవ్వొచ్చింది. నవ్వుతున్నది ఇద్దర్లో ఎవరో తెలియలేదు.

మూడో దారి శుక్రవారం నాడు తోచింది. అది ఎంత తేలిగ్గా తోచిందంటే, ఎప్పటినుంచో లోపల తయారై ఉందేమోనని ఆయనకు అనుమానం వచ్చింది.

హెలెన్ పెట్టిన అర్జీ మీద శనివారం విచారణకు వీఆర్వో మాధురి వచ్చింది. కొత్త పిల్ల, వేరే మండలం నుంచి బదిలీ మీద వచ్చింది. మార్క్ ఆమెను సుభానీ కల్లం దగ్గరికి తీసుకెళ్లాడు. హెలెన్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనకే వచ్చింది. సుభానీకి ఎనభై దాటాయి. రెబ్కా ఇంటి పక్కనే పుట్టి పెరిగినవాడు. మిరపకాయలు తిరగేస్తున్న కర్ర ఆపి మంచం మీద కూర్చున్నాడు.

“చనిపోయిన రెబ్కా గారికి ఎంతమంది పిల్లలు తాతా?”

సుభానీ మార్క్ వైపు తిరిగాడు. “ఏరా మార్కూ, ఎంతమందని చెప్పమంటావ్?”

మాధురి పెన్ను ఆగింది. “మార్క్ ఎవరు సార్?”

ముసలాయన మార్క్ ముఖాన్ని కాసేపు చూశాడు. మిరప రాశిని చూసి ధర కట్టేవాడిలా చూశాడు.

“ఈ ఊళ్లో ఉండేవాడమ్మా ఒకడు,” అన్నాడు. “నాకు చూపు ఆనదు. ఈ సారు వాడల్లే కనబడ్డాడు. రెబ్కాకి ఒక్కడే కొడుకు, ప్రభు. దేశాలు పట్టిపోయాడు. ఇదిగో, ఈ పిల్ల వాడి కూతురే. ఆ కళ్లు చూడు, అచ్చం రెబ్కా కళ్లే.”

మాధురి రాసుకుంది: ఏకైక కుమారుడు. సుభానీ వేలిముద్ర వేశాడు.

“రెండో సాక్షి సంతకం మీరే పెట్టండి సార్, ఈ ఊరివారే గదా. అవునూ, ఇందాకట్నుంచీ ఆ మేడమ్ మిమ్మల్ని బాబాయ్ అంటున్నారు?”

“ఊరి వరసమ్మా,” అన్నాడు కోటేశ్వరరావు.

హెలెన్ కొంగు తీసి ఆయన వైపు చూసింది. ఆమె నేర్చిన తెలుగులో అబద్ధసాక్ష్యానికి మాట ఉంది. ఆమె ఆ మాట అనలేదు. ఆమెకు కార్డు కావాలి.

ఆయన కాగితం తీసుకున్నాడు. మృతురాలితో సంబంధం అన్న గడిలో ‘ఇరుగుపొరుగు’ అని రాశాడు. తల్లి పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. అక్షరాలు ఆఫీసులో రోజూ రాసేవాటిలాగే గుండ్రంగా వచ్చినందుకు మాత్రం భయం వేసింది. సంతకం దగ్గర పెన్ను ఆగింది.

“పెట్టండి సారూ,” అన్నాడు సుభానీ. “పొద్దెక్కుతోంది, కాయలు తిరగెయ్యాలి.”

పుట్టిన రోజున తనను ఎత్తుకున్న మనిషి అట్లా పిలవడం అదే మొదటిసారి. ఆయన సంతకం పెట్టాడు.